ఇనుముకి పథ్యం

సారెల్ మామకి ఒక్కటే పిచ్చి. ఎవరి అన్నం డబ్బా కనపడినా మూత తీసి వాసన చూస్తాడు.

చూసి ఊరుకుంటే పెద్దాయన సరదా అనుకుని మనమూ ఊరుకోవచ్చు. ఆయన తీర్పు కూడా చెబుతాడు. "శుభ్రం" అన్నాడా, మీరు లోపలికి వెళ్ళి తినొచ్చు. "గుడ్డు!" అనిగాని "ఉల్లి!" అనిగాని "క్యాబేజీ!" అనిగాని అన్నాడా, ఇక మీ మధ్యాహ్నం మీ చేతిలో లేదన్నమాట. సాక్షాత్తూ దేశాధ్యక్షుడే మా గుమ్మంలోకి వచ్చినా మామ ముందు నమస్కారం పెట్టడు. "డబ్బా ఏదీ?" అని అడుగుతాడు.

మామ అన్నానని ఆయన మా అమ్మ తమ్ముడనుకునేరు. ఆయన అసలు సిసలు ఆఫ్రికానర్, అంటే మా దక్షిణాఫ్రికాలో తరతరాలుగా పాతుకుపోయిన డచ్చి సంతతి తెల్లవాడు. ఇంటిపేరు ఓబర్‌హోల్జర్. ఎండిన మొక్కజొన్న కర్రలా పొడుగు, దాని మీద ఓ టోపీ. మా కూల్‌ఫాంటైన్‌లో మనకంటే తల నెరిసిన మగవాడెవరైనా మామే, ఆయన ఇల్లాలు అత్తే. నేను డర్బన్ నాయుళ్ళ ఆడపిల్లని. చెరకు నరకడానికి ఓడెక్కి వచ్చిన ముత్తాతల పుణ్యమా అని ఈ దేశంలో పుట్టి, ఉద్యోగం కోసం ఈ బొగ్గు ఊరు చేరాను.

మా దేశంలో నేల కింద చమురు లేదు. బొగ్గు మాత్రం తవ్వినకొద్దీ ఉంది. అందుకని మావాళ్ళు బొగ్గుతోనే పెట్రోలు చేస్తారు. బొగ్గుని నీటి ఆవిరితో, ప్రాణవాయువుతో కలిపి మండిస్తే రెండు వాయువులొస్తాయి: కార్బన్ మోనాక్సైడ్ ఒకటి, హైడ్రోజన్ ఒకటి. ఈ రెండూ ఎడమొహం పెడమొహం బాపతు. వాటంతట అవి కలవవు. వేడి చేసి, ఒత్తిడి పెట్టి, ఇనప పొడి మీదుగా పంపిస్తే మాత్రం పెట్రోలై, డీజిలై, మైనమై అవతలికొస్తాయి. ఆ ఇనప పొడిని పుస్తకాల్లో ఉత్ప్రేరకం అంటారు. మేం పొడి అంటాం. ఇనప చిట్టాన్ని కొలిమిలో కరిగించి, చల్లార్చి, మరలో నలగ్గొట్టి, హైడ్రోజన్ పట్టించి ఆ పొడిని తయారుచేసేదే మా విభాగం. దానికి ఫోర్‌మన్ సారెల్ మామ. మీటర్లు చూసేదాన్ని నేను.

ఆ పొడికి లోకంలో ఒకే ఒక్క శత్రువు, గంధకం. పిసరు గంధకం తగిలితే చాలు, ఇనుము దాన్నే కావలించుకుని కూర్చుంటుంది. ఇక పెట్రోలూ లేదు, గిట్రోలూ లేదు. బొగ్గులోనేమో గంధకం దండిగా ఉంటుంది. దాన్ని కడిగి పారెయ్యడానికి మా కార్ఖానాలో ఒక వీధి పొడుగునా గోపురాలు కట్టారు. అక్కడ తప్పించుకున్న నాలుగు పోగులూ మా ఊరి గాలికి దక్కాయి. మా ఊరు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుందని దేశమంతా చెప్పుకుంటారు, అందులో అబద్ధమేమీ లేదు.

గుడ్డులో గంధకం ఉంది. ఉల్లిలో, వెల్లుల్లిలో, క్యాబేజీలో ఉంది. కాబట్టి మామ లెక్క ఇది.

"అన్ని గోపురాలు కట్టి బొగ్గులోంచి గంధకం పీకింది ఎందుకురా? నువ్వు మళ్ళీ డబ్బాలో పెట్టుకుని మోసుకు రావడానికా?"

రోగి ఒకడు, పథ్యం పాతికమందికీ.

"మామా, ఊరు ఊరంతా కుళ్ళిన గుడ్ల కంపే కదా. నా ఒక్క ఉడకబెట్టిన గుడ్డు దగ్గరే నీకు పట్టింపొచ్చిందా?" అని హెండ్రిక్ తగువు పెట్టుకునేవాడు. హెండ్రిక్ కొలిమి మనిషి. ఎద్దులాంటి ఒళ్ళు, దానికి తగ్గ నోరు.

"ఊరు నా చేతిలో లేదు. నీ డబ్బా నా చేతిలో ఉంది. బయటికి నడు."

బయట గాలికి ఎదురుగా ఒక బల్ల ఉండేది. మామూలు నేరస్తులు అక్కడ కూర్చుని తిని రావాలి. ఇది చిన్న శిక్ష. పెద్ద శిక్ష వేరే ఉంది. ఒక్కోసారి మామ డబ్బా మూత ఇలా ఎత్తి అలా మూసేసి, పామును చూసినవాడిలా వెనక్కి జరిగి, "అమ్మో! ముదిరిన కేసు!" అనేవాడు. ముదిరిన కేసుకి బల్ల చాలదు. డబ్బా జప్తు. ఆ మనిషి మామ గదిలో, మామ ఎదురుగా, మామ డబ్బాలోంచే తినాలి. "నీ మీద నాకు నమ్మకం లేదు. నా కళ్ళముందే తిను" అనేవాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆ డబ్బాని శుద్ధి చేశానని చెప్పి తిరిగి ఇచ్చేవాడు. ఏది మామూలు కేసో ఏది ముదిరిన కేసో మాకెవరికీ అంతుపట్టేది కాదు.

ఇక మామ డబ్బా సంగతి. అది డబ్బా కాదు, చిన్న పెట్టె. అందులో రోజూ బొబోటీ. అంటే కీమాలో ఉల్లిపాయలు దట్టించి, పైన గుడ్లు గిలక్కొట్టి పోసి, పొయ్యిలో పెట్టి కాల్చేది.

"అందులో గుడ్డు లేదా మామా?" అని అడిగాను ఓసారి.

"ఉంటే ఉంది. నేను నోరు మూసుకునే తింటాను. నాలోకి పోయిన గంధకం బయటికి రాదు."

పొద్దున్నే గేటు దగ్గర బస్సు దిగగానే కొత్తవాళ్ళు ముక్కుకి రుమాలు కట్టుకుంటారు. కొందరు గోడ పక్కకి పరిగెత్తి కక్కుకుంటారు. సరిగ్గా ఆ చోటే మామ నిలబడి, టోపీ తీసి, గుండెనిండా గాలి పీల్చి, "ఆహా! ఏం గాలిరా! ఇలాంటి గాలి దేశంలో ఇంకెక్కడైనా ఉందా?" అనేవాడు. నిజమే, ఇంకెక్కడా లేదు. ఉద్యోగం మీద భక్తి ముదిరితే ఇలా అవుతుందని మేం సరిపెట్టుకున్నాం.

ఇంకో చిత్రం. ముక్కుతోనే పేరు తెచ్చుకున్న మనిషి, మాకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం ముక్కుని తిట్టేవాడు. చొక్కాకి గ్యాసు మీటరు తగిలించుకుని, నిమిషానికోసారి దాన్ని వేలితో తట్టి, "ముక్కుని నమ్మకండిరా, ముల్లుని నమ్మండి. విషవాయువు ముదిరితే ముందు చచ్చేది ముక్కే. వాసన పోయింది, గండం గడిచింది అనుకుంటాడు వెర్రివాడు. ముల్లు చూసుకున్నవాడు ఇంటికెళ్తాడు" అనేవాడు. ఆ మాట అని, వెంటనే వంగి పక్కవాడి డబ్బా వాసన చూసేవాడు.

క్యాబేజీ మీద ఆయన చేసిన యుద్ధం గురించి చెప్పకపోతే పాపం. వాళ్ళ భాష ఆఫ్రికాన్స్‌లో బొగ్గునీ కూల్ అంటారు, క్యాబేజీనీ కూల్ అంటారు. మా ఊరి పేరులో కూల్ బొగ్గే, అనుమానం లేదు. అయితే మామ ఒక రోజు మా గుమ్మం మీద బోర్డు పెట్టాడు: "లోపలికి కూల్ తేరాదు." మర్నాటినుంచి మా పక్క గదిలోని పరీక్షలవాళ్ళకి బొగ్గు నమూనా రావడం ఆగిపోయింది. ఆ బస్తాలు తెచ్చే ముసలాయన మహా నియమస్తుడు. బోర్డు చదవడం, బస్తా భుజాన వేసుకుని వెనక్కి నడవడం. బొగ్గు మీద బతికే కార్ఖానాలో బొగ్గు దొరకడం లేదని వారం తిరక్కుండా పెద్ద గోల అయింది. అప్పుడు మామ బోర్డు దిద్దాడు: "తినే కూల్ తేరాదు. కాల్చే కూల్ తేవచ్చు."

అంతే, హెండ్రిక్ ఇంట్లో నిప్పుల మీద క్యాబేజీ కాల్చుకుని వచ్చి డబ్బా తెరిచాడు.

"ఇదేమిట్రా?"

"కాల్చిన కూల్ మామా. తేవచ్చన్నావుగా."

తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది వీడి యవ్వారమని మేమంతా నవ్వాం. మామ నవ్వలేదు. బోర్డు పీకేసి, దాన్నే బల్ల మీద పరిచి, "వెళ్ళి దీనిమీద కూర్చుని తిను" అన్నాడు.

ఇలా రోజులు గడుస్తుండగా ఒక చలికాలం మొదట్లో ముదిరిన కేసులన్నీ ఒక్క మనిషినే పట్టుకున్నాయి. అతని పేరు లెఫా. పొడి నలగ్గొట్టే మర దగ్గర పని. సోతో తెగ మనిషి, మెత్తనివాడు. మామని వాళ్ళ పద్ధతిలో "న్తాతే" అని పిలిచేవాడు. అయ్యగారూ అన్నా అదే మాట, నాన్నా అన్నా అదే మాట. ఆ చలికాలమే లెఫా చెల్లెలు, మొగుడు పోయి, పిల్లల్ని వెంటబెట్టుకుని వాళ్ళింటికొచ్చింది. అలాంటప్పుడు ఇల్లెలా గడుస్తోందని అడగడం మర్యాద కాదు. మేం అడగలేదు.

లెఫా డబ్బాని రెండు చేతులతో, నిండుకుండలా మోసుకొచ్చేవాడు. మామ మూత వేలెడు ఎత్తి, ముక్కు పెట్టి, టప్పున మూసేవాడు.

"ఉల్లి! ముదిరిన కేసు! నీకెన్నిసార్లు చెప్పాలిరా?"

"నాకు తెలీకుండా పడుంటుంది న్తాతే," అని లెఫా తల వంచుకునేవాడు.

"నీకు తెలీదు, నా ముక్కుకి తెలుసు. నడు గదిలోకి."

హెండ్రిక్ అతనికి "ఉల్లిపాయ" అని పేరు పెట్టేశాడు. "ఒరే ఉల్లిపాయా, మీ ఇంట్లో ఇంకేం వండరా?" అని కొలిమి దగ్గరనుంచి కేకేసేవాడు. లెఫా నవ్వి ఊరుకునేవాడు. పైగా ఆ పేరు తనకు నచ్చినట్టే ఉండేవాడు. నాకు అదే వింతగా తోచింది.

ఈ పథ్యానికి భయపడి నేను అంతవరకూ రొట్టె, జాము తప్ప తెచ్చుకోలేదు. ఆ చలిలో ఒక రోజు ఇంటి మీద గాలి మళ్ళింది. డర్బన్‌నుంచి అమ్మ పంపిన ఇంగువ ముద్ద ఉంది. చారు పెట్టి, నెయ్యి కాచి, ఉదారంగా ఇంగువ పోపేసి, అన్నంలో కలిపి డబ్బాకి పెట్టుకున్నాను. ఇంగువ అంటే గంధకానికి పుట్టిల్లు. బల్ల మీదికి తోలితే అక్కడే తింటాను, ఉరి తీస్తే తియ్యనీ అని తెగించాను.

వరసలో నిలబడగానే క్రేన్ నడిపే ఆవిడ నా వైపు తిరిగి, "ఏదో చచ్చినట్టుంది, ఎలుకా?" అంది. మూత ఇంకా తియ్యనేలేదు. హెండ్రిక్ గోడ దాకా జరిగి, "నాయుడూ, అది అన్నమా, ఆయుధమా?" అన్నాడు.

మామ వచ్చాడు. మూత తీశాడు. టోపీ అంచు అన్నానికి తగిలేంత వంగి, గుండెనిండా పీల్చాడు.

"శుభ్రం," అన్నాడు. "చూశారా? ఇలా ఉండాలి డబ్బా అంటే. పూలతోటలా ఉంది."

నా వెనక లెఫా. అతని డబ్బా మూత వేలెడు లేచి పడింది. "ఉల్లి! ముదిరిన కేసు!"

నేను ముక్కున వేలేసుకున్నాను. మర్యాదకోసం వేసుకున్నా, అవసరంకొద్దీ వేసుకున్నా ఆ రోజు వేలు వెయ్యాల్సిన చోటు అదే. ఇంగువని పట్టుకోలేని ముక్కు, మూసిన డబ్బాలో ఉల్లిని పట్టుకుందా?

సాయంత్రం మామ గదిలోకి మీటరు కాగితాలివ్వడానికి వెళితే జప్తు చేసిన డబ్బా అరమీద ఉంది. కాగితాలకి చోటు చేద్దామని దాన్ని పక్కకి జరపబోయాను. అరచేతిని కిందికి లాగేంత బరువు! మధ్యాహ్నం వరసలో లెఫా చెప్పు జారి తూలినప్పుడు ఇదే డబ్బాని నేను ఒక నిమిషం పట్టుకున్నాను. అప్పుడది గాలి డబ్బాలా ఉంది. లోపల ఒక చెంచా ఇటూ అటూ దొర్లిన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

మామ శుద్ధి చెయ్యడమంటే ఇదన్నమాట.

అనుమానం ఉంచుకుని బతికే అలవాటు నాకు లేదు. ఆదివారం మధ్యాహ్నం మామ ఇంటికి వెళ్ళాను. మామ పెరట్లో మాంసం కాలుస్తున్నాడు. హెస్టర్ అత్త వంటింట్లో ఉంది.

"ఏం తిండమ్మా మీ మామది!" అంది అత్త. "రోజూ నలుగురికి సరిపడా కట్టిస్తాను. ఖాళీ పెట్టె తెస్తాడు. ఒంటికి మాత్రం గుప్పెడు కండ పట్టదు. కడుపులో ఏలికపాములున్నాయేమో చూపించుకో అంటే వినడు."

"మీ వంట వాసనకే ఆకలేస్తుంది అత్తా. మామకి వెయ్యదా మరి?"

అత్త పకపకా నవ్వింది. "వాసనా? మీ మామకి ముక్కెక్కడుంది? చిన్నప్పుడు పొలంలో గాలిమర ఎక్కి, మీదనుంచి పడి, తల పగిలింది. తల అతుక్కుంది గాని వాసన మళ్ళీ రాలేదు. పెళ్ళైన కొత్తలో నేను కూర మాడబెట్టి ఏడుస్తూ కూర్చుంటే, తిని, 'ఆహా, ఏం వాసన!' అన్నాడు. ఆ రోజునుంచీ నాకు మాడుతుందన్న భయమే లేదు."

"మీకు కోపం రాలేదా?"

"అలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడే? ఈ ఊరికి రావడానికి ఎవరూ ఒప్పుకోని రోజుల్లో ఈయనొక్కడే గేటు దగ్గర నిలబడి గాలి బాగుందన్నాడట. అప్పటికప్పుడు ఉద్యోగం ఇచ్చేశారు."

పెరట్లోంచి మామ కేకేశాడు. "అమ్మాయ్! నీ చేతిసంచిలో డబ్బా ఉందా?"

"లేదు మామా."

"మంచిది. వచ్చి తిను."

ఆ మాంసం మాడి బొగ్గయింది. దానికీ ఒక పేరుంది కదా, కాల్చిన కూల్.

కథ ఇక్కడే ఆగితే ఈ గుట్టు నా కడుపులోనే ఉండిపోయేది. ఇంతలో పెద్దాఫీసునుంచి డాక్టర్ ఫూరీ మాకు కొత్త అధికారిగా వచ్చాడు. ఉత్ప్రేరకాల మీదే పెద్ద చదువు చదివిన కుర్రాడు. చెడ్డవాడు కాదు. ప్రతిదానికీ రుజువు అడిగే రకం. వచ్చిన మర్నాడే ఎవరో పెద్దమనుషులు మా విభాగం చూడ్డానికొచ్చారు. మామ వాళ్ళ డబ్బాలడిగాడు. వాళ్ళు నవ్వారు. ఫూరీకి తల కొట్టేసినట్టయింది.

పై అధికారే అయినా వయసులో చిన్నవాడు కాబట్టి మామా అని పిలవక తప్పదు. మామా అని మొదలుపెట్టాక మందలించడం ఎవడికైనా కష్టమే.

"మామా, ఒక్కటి చెప్పండి. పొడి ఎక్కడుంది? గోడకి అవతల, ఉక్కు పాత్రలో, హైడ్రోజన్ మధ్య ఉంది. ఇక్కడ ఒకడి డబ్బాలో ఉల్లిముక్క ఉంటే అది చెడుతుందా?"

"చెడదు."

"మరెందుకు వాసన చూడ్డం?"

"చూస్తున్నాను కాబట్టే ఇన్నాళ్ళూ చెడలేదు నాయనా."

ఫూరీ చేతులు కట్టుకున్నాడు. "సరే. ఆ ముక్కుకే పరీక్ష పెడతాను. గుడ్డకట్టిన మగ్గులు నాలుగు. ఒకదాంట్లో గుడ్డు. మీ కళ్ళకి గంతలు కడతాం. కనిపెట్టారా, మీ తనిఖీ మీ ఇష్టం. కనిపెట్టలేదా, రేపటినుంచి తనిఖీ బందు. ఎవరి డబ్బా వాళ్ళే తెరుచుకుని, అందరూ ఒకే బల్ల దగ్గర తినాలి."

ఫూరీ మంచికే అన్నాడు. నా భయం మాత్రం వేరే. మామ ఓడితే ఆయనకి పోయేది పెద్దగా లేదు, నాలుగు రోజులు నవ్వుతారు. ఆ ముక్కు ఉత్తదని తేలిన మరుక్షణం, "మరి లెఫా డబ్బాలో ఇన్నాళ్ళూ ఏముంది?" అన్న ప్రశ్న లేస్తుంది. మర్నాడు ఒకే బల్ల దగ్గర, అందరి ముందూ, లెఫా ఆ మూత తియ్యాలి. ఊళ్ళో ఉల్లిపాయ అనిపించుకుని నవ్విన మనిషి ఆకలివాడని అనిపించుకుని నవ్వలేడు.

మామకిది తెలుసు. పరీక్ష రోజు ఆయన మొహం చూశాను. మొదటిసారి ఆ మనిషి మీటరు ముల్లు తట్టడం మరిచిపోయాడు.

భోజనాల గదిలో అందరం గుండ్రంగా నిలబడ్డాం. ఫూరీ మా కళ్ళముందే మగ్గులు సర్దాడు: టీ ఆకు, రొట్టెముక్క, ఉడికిన గుడ్డు, యాపిల్ ముక్క. మూడోది గుడ్డు. గుడ్డలు కట్టాడు. మామ కళ్ళకి గిన్నెలు తుడిచే తువ్వాలు చుట్టాడు. నేను ముందే ఒకటి అనుకుని వచ్చాను. మూడో మగ్గు దగ్గర చిన్నగా దగ్గుతాను. మామ తెలివైనవాడు, అందుకుంటాడు.

మొదటి మగ్గు. మామ గట్టిగా పీల్చాడు. "ఊఁ," అన్నాడు. ఎవరూ కదల్లేదు. రెండోది. "ఊఁ ఊఁ."

మూడో మగ్గు. నేను గొంతు సవరించుకునేలోగా నా వెనకనుంచి ఎవరో దగ్గారు. లెఫా! సరే, అతనికి తెలియకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను. ఇంతలో ఎడమ పక్కనుంచి క్రేన్ ఆవిడ దగ్గింది. ఆవిడ వెనక యూనియన్ నాయకుడు, సభల్లో మైకు అక్కర్లేని మనిషి, గోడలదిరేలా దగ్గాడు. కిటికీ దగ్గర ఇద్దరు దగ్గారు. ఆఖర్ని, చలికి మొరాయించిన లారీ స్టార్టయినట్టు, ఒక్క దగ్గు వినపడింది. తిరిగి చూద్దును కదా, హెండ్రిక్!

గుమ్మడికాయల దొంగ ఎవరంటే అందరూ ఒక్కసారే భుజాలు తడుముకున్నట్టయింది. ఆ ముక్కు ఉత్తదని ఎవరికి తెలుస్తుంది? ఏమీ లేని డబ్బా తెచ్చి "గుడ్డు" అనిపించుకున్నవాడికే తెలుస్తుంది. ప్రతివాడూ తనొక్కడే అనుకుని ఇన్నేళ్ళూ నోరు కుట్టుకున్నాడు. ఇప్పుడు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. హెండ్రిక్ మొహం కొలిమిలా ఎర్రబడింది. లెఫా అతన్ని రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, ఈ రెండిట్లో ఏది కనపడినా ప్రమాదమని నేనూ దగ్గాను.

మేం ఒక్కటి మరిచిపోయాం. బొగ్గు వాయువు నడిచే కార్ఖానాలో గదినిండా జనం ఒక్కసారి దగ్గితే దానికి ఒకటే అర్థం.

"గ్యాసు!" అని ఫూరీ కేకేశాడు. మనిషి తెల్లబోయాడు. "బయటికి! అందరూ బయటికి!" గోడ మీది అలారం పెట్టె గాజు బద్దలైంది, సైరన్ మోగింది.

అనుమానమొస్తే ముందు బయటికి, విచారణ తరవాత అనేది మాకు మామ నేర్పిన పాఠమే. పరుగెత్తాం. తువ్వాలు విప్పడం ఎవరికీ తట్టలేదు. హెండ్రిక్ మామని చెయ్యి పట్టుకుని లాక్కెళుతుంటే ఆయన గంతలతోనే ఎగురుతూ, "మూడోది! గుడ్డు మూడోదాంట్లో! డాక్టరూ, విన్నావా? మూడోది!" అని దారిపొడుగునా అరుస్తూనే ఉన్నాడు.

గేటు బయట మేం చేరాల్సిన చోటు గడ్డిమైదానంలో ఉంది. ఎముకలు కొరికే గాలి. వస్తువులు వదిలేసి రావాలని నియమం. మావాళ్ళు అన్నీ వదిలేశారు, అన్నం డబ్బాలు తప్ప. ఖాళీ చేతులతో వచ్చింది నియమాలు రాసిన ఫూరీ ఒక్కడే. అందరి మీటర్లలోనూ ముల్లు సున్నా దగ్గరే ఉంది. అయినా రక్షణ సిబ్బంది లోపలంతా తిరిగి చూసేదాకా కదలకూడదు. మధ్యాహ్నం తిండి వేళ అక్కడే అయింది.

హెండ్రిక్ తన డబ్బా పట్టుకుని లెఫా పక్కకి వెళ్ళాడు. "జరుగు, ఉల్లిపాయా," అన్నాడు. ఈసారి గొంతు చిన్నది.

లెఫా జరిగాడు. "నీకెప్పుడు?" అని అడిగాడు.

"చేరిన కొత్తల్లో. మా నాన్న గనిలో పని పోగొట్టుకున్న చలికాలం. మామ నన్ను గుడ్డు అనేవాడు." హెండ్రిక్ డబ్బా తెరిచి, మొక్కజొన్న సంకటి రెండు ముద్దలుగా చేసి, పెద్దది అవతలికి తోశాడు. "ఆ చలికాలమంతా గుడ్డే."

"నన్ను ఉల్లి అన్నాడు," అన్నాడు లెఫా. "నీకంటే నేనే నయం."

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

మామ తువ్వాలు విప్పుకుని, గాలికెదురుగా నిలబడి, "ఆహా!" అని పీల్చాడు. తరవాత చుట్టూ చూశాడు. దూరంగా ఫూరీ ఒక్కడే చేతులు జేబుల్లో పెట్టుకుని వణుకుతున్నాడు. మామ పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వెళ్ళాడు.

"డాక్టరూ, చేతులు చూపించు."

ఫూరీ అయోమయంగా చూపించాడు. మామ ఆ రెండు ఖాళీ చేతుల మీదికి వంగి, గుండెనిండా పీల్చి, వెనక్కి జరిగాడు.

"ఉల్లి!"

"నేను ఉల్లి ముట్టుకోను మామా. అసలు నా డబ్బా లోపలే ఉండిపోయింది. నా దగ్గర ఏమీ లేదు."

"అదేగా చెబుతున్నాను. ముదిరిన కేసు. వచ్చి కూర్చో."

ఫూరీ మామని చూశాడు. తెరిచి ఉన్న మామ పెట్టెని చూశాడు. ఒకే డబ్బాలో తింటున్న హెండ్రిక్‌నీ లెఫానీ చూశాడు. రుజువులు అడిగే మనిషి కదా, రుజువు ఎదురుగా కనపడితే అర్థం చేసుకోవడానికి ఎంతోసేపు పట్టదు. వచ్చి మామ పక్కన గడ్డిలో కూర్చుని చెంచా అందుకున్నాడు.

"పరీక్ష మాటేమిటి?" అని యూనియన్ నాయకుడు అడిగాడు.

"ఆయన చెప్పింది మూడోది. గుడ్డున్నదీ మూడోదే. నెగ్గారు," అన్నాడు ఫూరీ. "తనిఖీ ఆయన ఇష్టం."

నాలుగు ముద్దలు తిన్నాక, మెల్లిగా, "మామా, ఇందులో గుడ్డుంది," అన్నాడు.

మామ వంగి తన పెట్టెని తనే వాసన చూసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"లేదే? శుభ్రంగా ఉందే!"

మాకందరికీ ఒక్కసారే దగ్గొచ్చింది.